తొమ్మిది గీతల నీళ్లు

ఆ ఏడు ఎండాకాలం ఊరంతా నీళ్లకి కటకటలాడితే మా ఇంట్లో మాత్రం పుష్కలంగా ఉన్నాయి. చిక్కంతా అక్కడే వచ్చింది. నీళ్లు లేక చెడిపోయిన సంసారాలు మా కొండల్లో చాలా ఉన్నాయి. నీళ్లుండి చెడిపోయింది, నాకు తెలిసినంతలో, మాదొక్కటే.

మా ఆయన ధర్మ రెండేళ్లు భీమవరం దగ్గర రొయ్యల చెరువుల మీద కాపలా పని చేసి, అంతకు ముందటి వానాకాలం మొదట్లో ఇంటికొచ్చాడు. కాలివేళ్ల సందులన్నీ ఒరిసిపోయి ఉన్నాయి. మనిషి సగమయ్యాడు. అన్నం తింటూ తింటూ ఆగిపోయి, ఎక్కడో మోటారు చప్పుడు వినిపిస్తున్నట్టు చెవి ఒగ్గేవాడు. ఒకరోజు నేను కొర్రలు చెరుగుతుంటే పక్కన కూర్చుని, "ఇంక నన్నక్కడికి పంపకు రమణీ" అన్నాడు, అదేదో నేనే సంచి సర్ది పంపినట్టు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ మాట పట్టుకునే ఆ తరవాతంతా చేశాను.

మాకున్నది అరెకరం కాఫీ, కాసిన్ని చోళ్లు, అంటే రాగులు, పండే చెక్క. వాటితో ఏడాది పొడుగునా మగవాణ్ని ఇంట్లో నిలబెట్టుకోలేం. ఏం చెయ్యాలా అనుకుంటున్న రోజుల్లో మోహన్‌కృష్ణ వచ్చాడు. ఎస్.కోట అబ్బాయి. కూరగాయల పంటల గురించి చెప్పడానికి అనంతగిరి చుట్టుపక్కల ఊళ్లన్నీ బండి మీద తిరిగేవాడు. ఫోనులో ఒక బొమ్మ చూపించాడు. పొడుగ్గా, బోర్లించిన దోనెలా తెల్లటి ప్లాస్టిక్ గుడారం, దాని లోపల వరసగా మొక్కలు.

"ఇది వెదురుతో కూడా కట్టొచ్చమ్మా. బద్దలు వంచి వరసగా పాతి, పైన మందం కవరు కప్పడమే. ఎండాకాలం లోపల క్యాప్సికం వెయ్యండి. అరకు హోటళ్లవాళ్లు తారురోడ్డు దాకా వచ్చి పట్టుకెళ్తారు."

"నీళ్లో?" అన్నాను.

"వానాకాలం మీ ఇంటి మీదా, దీని మీదా పడ్డ నీళ్లన్నీ ఊరికే కొండ దిగిపోతున్నాయి కదా. వాటిని గొయ్యిలో పట్టి దాచుకోండి. కవరూ, పైపులూ, గొయ్యిలో పరిచే తార్పాలూ నేను తెప్పిస్తాను. వెదురూ గొయ్యీ పనీ మీవి."

పని చేసే మనుషుల కోసం మా ఊళ్లో వెతుక్కోనక్కర్లేదు. ఇరవై ఆరు గడపలు. ఒక్కో గడప ముందూ నిలబడి "రేపు మా ఇంటికి రండి" అంటే చాలు, ఎందుకని అడగరు. తెల్లారేసరికి గడపకొక మనిషి వచ్చి నిలబడతారు. కూలి మాటుండదు. మధ్యాహ్నం పిలిచినవాళ్లింట్లో అడ్డాకుల్లో అన్నం, తాగేవాళ్లకి జీలుగు కల్లు. ఆ అన్నం తిన్నారంటే, రేపు మేం పిలిచినప్పుడు మీరూ రావాలి అని. దానికి కాగితం లేదు, సంతకం లేదు. నేను కోడలిగా వచ్చి పదకొండేళ్లయినా తినకుండా వెళ్లినవాణ్ని ఒక్కణ్ని చూడలేదు.

ధర్మ పిలిచాడు. అందరూ వచ్చారు. గాసి మావ మా ఊరి పెద్ద. బద్దని మోకాలికి ఆనించి వంచుతూ, "ఒరే ధర్మా, ఇల్లు కడతన్నావా, ఏనుక్కి బుట్ట అల్లుతన్నావా?" అన్నాడు.

"కవరిల్లు మావా" అన్నాడు ధర్మ. అందరూ నవ్వారు, ఆ పేరే ఉండిపోయింది.

సగం కట్టేసరికి వెదురు చాల్లేదు. అప్పుడు అచ్చియమ్మత్త ముందుకొచ్చింది. ఆవిడ ధర్మకి మేనత్త. మొగుడు పోయాక పుట్టిన ఊరికొచ్చేసి, తల్లి లేని ధర్మని పెంచింది. మా ఇంటికి దిగువన, నాలుగు గడపల అవతల ఒక్కతే ఉంటుంది. తన ఇంటి కప్పు మార్చుకుందామని మూడేళ్లుగా కొట్టకుండా ఉంచుకున్న వెదురు పొద ఒకటుంది ఆవిడ పెరట్లో.

"కొట్టుకోండి" అంది.

"మరి నీ కప్పో అత్తా?" అన్నాను.

"నా కప్పుకేటయింది గుంటా. కారితే కారతాది. నా గుంటడు ఇంటికాడుంటే సాలు." ఆవిడ నోట గుంటడంటే పిల్లాడు, గుంటంటే పిల్ల.

గొయ్యి మాత్రం ఆడవాళ్లం తవ్వాం. ఇరవై అడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, గొంతు లోతు. నాలుగు రోజులు పట్టింది. ఎక్కడ రాతిమొన ఉన్నా తార్పాలు చిరుగుతుందని అడుగంతా బంకమన్ను మెత్తాం. ఆ మన్ను గట్టిపడాలంటే తొక్కాలి. పన్నెండుమందిమి ఒకరి నడుం ఒకరం పట్టుకుని, థింసా ఆట అడుగు వేస్తూ ఈ చివరనుంచి ఆ చివరకి తొక్కాం. అచ్చియమ్మత్త వరసలో చివర ఉంది. అరవై దాటిన మనిషి, అందరికంటే ఆవిడ అడుగే సరిగ్గా పడింది. నవ్వీ నవ్వీ నాకు పొట్ట నొప్పొచ్చింది. అంత సంతోషంగా నేను మళ్లీ ఏ రోజూ లేను, దాచుకోవడమెందుకు.

ఆశ్వయుజం వానలకి, ఆ పైన పట్టిన తుపానుకి గొయ్యి నిండిపోయింది. ధర్మ ఒక గెడకర్రకి అంగుళానికొకటి చొప్పున కత్తితో గీతలు పెట్టి గొయ్యిలో నిలబెట్టాడు. అరవై గీతలు. ఒక గీత నీళ్లంటే ముప్పై బిందెలు. ఆ లెక్క నేనే కట్టాను, బిందెతో తోడి పోసి మరీ.

మాఘంలో నారు నాటిన రోజు మోహన్‌కృష్ణ వచ్చి కర్ర చూశాడు.

"బాగుందమ్మా. కానీ రోజుకి అరగీత మించొద్దు. ఎండకి ఆవిరయ్యేది వేరే ఉంటుంది. కాపు మీదున్నప్పుడు రెండ్రోజులు నీళ్లు తప్పితే పూతంతా రాలిపోతుంది. తరవాత ఏమనుకున్నా లాభం లేదు."

అతను చెప్పింది మొక్కల సంగతి. నాకు వినిపించింది ధర్మ సంగతి. పూత రాలితే ధర్మ వెళ్లిపోతాడు, అంతే. ఆ రోజునుంచీ పొద్దున లేవగానే ముఖం కడుక్కోకముందే వెళ్లి కర్ర చూసుకునేదాన్ని.

ఫాల్గుణం దాటేసరికి కొండ మీది ఊట చిక్కిపోయింది. ఊరి కుళాయికి నీళ్లు ఆ ఊటనుంచే వస్తాయి. బిందె నిండటానికి గంట పట్టేది, తరవాత అదీ లేదు. ఇక మిగిలింది కిందనున్న గెడ్డ, అంటే మా వాగు. దిగడానికి అరగంట, నిండు బిందెతో ఎక్కడానికి గంట. దారంతా జారుడు బండలు.

ఆడవాళ్లు మా గొయ్యి దగ్గరికి వచ్చారు. అడగలేదు. అడగడమెందుకు, వాళ్లు తవ్విన గొయ్యే కదా. ఒకరు రెండు బిందెలు, ఇంకొకరు మూడు, పక్కింటివాళ్లు మేకలకి కూడా. "బాగా సల్లగున్నాయే రమణీ" అని మెచ్చుకుంటూ ముంచుకుపోయేవారు. నేను నవ్వుతూనే ఉన్నాను, కళ్లు మాత్రం కర్ర మీద. మూడు రోజుల్లో నా అరగీతలు కాక ఇంకో రెండు గీతల నీళ్లు దిగిపోయాయి.

సంతకెళ్లి తాళం కొన్నాను.

మేకలు పడకుండా గొయ్యి చుట్టూ ధర్మ కట్టిన తడక ఉంది. దానికో తలుపుంది. ఆ తలుపుకి తాళం వేశాను. అప్పటివరకూ మా ఊళ్లో తాళం ఉన్నది బడికీ, రేషన్ డిపోకీ మాత్రమే. రెండూ సర్కారువే.

"తాళమేటి రమణీ?" అన్నాడు ధర్మ.

"మరి సెరువులకెల్తావా?" అన్నాను.

ధర్మ తాళం వైపు చూశాడు, కవరిల్లు వైపు చూశాడు, మొక్కల్లోకి వెళ్లిపోయాడు. ఆ ఒక్క మాటతో అతని నోరు ఎలా మూయించవచ్చో నాకు అప్పటికే తెలుసు. తెలిసి వాడుకున్నాను.

ఆడవాళ్లకి చెప్పాను. "కాపు దిగీదాకే అక్కా. జేష్టంలో తీసెత్తాను. ఏటీ అనుకోకండి." దెబ్బలాటకి సిద్ధంగా ఉన్నాను. వంద సమాధానాలు దాచుకుని ఉన్నాను. వాళ్లు "సర్లే" అని బిందెలు చంకలో పెట్టుకుని గెడ్డ దారి పట్టారు. నా సమాధానాలు నా దగ్గరే మిగిలిపోయాయి.

చైత్రం చివర ఒక పొద్దున్న కాయల బరువుకి కొమ్మలు విరక్కుండా తాళ్లు కడుతున్నాను. ఐదుగురు ఆడవాళ్లు మా తడక పక్కనుంచి గెడ్డకి వెళ్తున్నారు. వాళ్ల వెనకాల అచ్చియమ్మత్త, రెండు బిందెలతో. ఆవిడ తలుపు దగ్గర ఆగింది. వాళ్లు నాలుగడుగులు ముందుకెళ్లి వాళ్లూ ఆగారు.

"గుంటా, మోకాలు పట్టీసింది. ఈ పూటకి రెండు బిందెలియ్యి. రేపు నానే ఎల్తాను."

తాళంచెవి నా మెడలో పూసలదండకి కట్టుకున్నాను. చెయ్యి దాని మీదికి వెళ్లింది కూడా. అంతలో ఆ ఐదుగురూ చూస్తున్నారని గుర్తొచ్చింది. ఈవిడకిస్తే వాళ్లకి ఎలా లేదంటాను? వాళ్లకిస్తే ఊరికి ఎలా లేదంటాను?

"నీకిత్తే అందరికీ ఇయ్యాలి కదత్తా" అన్నాను.

ఆవిడ నా ముఖంలోకి చూసింది. ఇది జరిగి మూడేళ్లయింది. ఆ చూపులో కోపం ఏమైనా ఉందేమోనని ఇప్పటికీ వెతుక్కుంటూ ఉంటాను. ఉంటే నాకు కొంచెం సుఖంగా ఉండేది.

"సర్లే గుంటా" అని ఆవిడ బిందెలు సర్దుకుని వాళ్ల వెనకాల దిగింది.

సాయంత్రం నేనే రెండు బిందెలు మోసుకెళ్లి ఆవిడింట్లో పెడదామనుకున్నాను. గంగాలమ్మ మీద ఒట్టు, అనుకున్నాను. ఆ మాట అక్కడే నోటితో అని ఉంటే ఆవిడ వెనక్కి తిరిగి ఇంటికెళ్లిపోయేది. ఆ ఐదుగురూ వింటారని అనలేదు.

ఎండ నడినెత్తికి రాకముందే ఆవిణ్ని డోలీలో పైకి తెచ్చారు. నిండు బిందెతో ఎక్కుతుంటే సగం దారిలో బండ మీద జారింది. తుంటి విరిగింది. ధర్మా, ఇంకో ముగ్గురూ భుజాలు మార్చుకుంటూ తారురోడ్డు దాకా మోసి, అక్కణ్నుంచి విశాఖ తీసుకెళ్లారు. మూడు వారాలకి తిరిగొచ్చింది గానీ ఇక నిలబడలేకపోయింది. పొద్దున్నే ఎవరో ఒకరు ఎత్తి గుమ్మంలో కూర్చోబెడితే చీకటిపడే దాకా అక్కడే.

ఆవిడ పడిన రోజే నేను తాళం తీసేశాను. తీసి తలుపు బార్లా తెరిచి పెట్టాను. మర్నాడు పొద్దున గొయ్యి పక్కన నిలబడి ఎదురు చూశాను. ఆడవాళ్లు బిందెలతో వచ్చారు, తెరిచిన తలుపు ముందునుంచే గెడ్డకి దిగిపోయారు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. అత్త ఆసుపత్రినుంచి వచ్చాక బిందె నింపుకుని ఆవిడింటికెళ్తే అప్పటికే కుండ నిండుగా ఉంది. వంతులేసుకుని ఊరి ఆడవాళ్లే తెచ్చిపోస్తున్నారు.

"నీల్లున్నాయే గుంటా. నీ మొక్కలకి పోసుకో" అంది అత్త. వెటకారం కాదు. ఆవిడకి వెటకారం చేతకాదు. నేను ఆ బిందెని అలాగే వెనక్కి మోసుకొచ్చాను.

వైశాఖంలో ఒక మధ్యాహ్నం గాలీ వడగళ్లూ ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. చూస్తుండగానే కవరిల్లు మీది కవరు ఒక పక్కంతా ఊడిపోయి టపటపా కొట్టుకుంది. ఆరు బద్దలు విరిగాయి. కాయలు సగం కోశాం, సగం చెట్ల మీదే ఉన్నాయి. మర్నాడు ఎండెక్కేలోపల మళ్లీ కప్పకపోతే ఆ సగం పోయినట్టే. ధర్మ వానలోనే బయల్దేరి గడప గడపా తిరిగి పిలిచొచ్చాడు.

"ఏటన్నారు?" అన్నాను.

"ఏటంటారు. సరే అన్నారు."

రారనుకున్నాను. తెల్లారేసరికి వచ్చారు. మా గడపా అచ్చియమ్మత్త గడపా పోగా ఇరవై నలుగురు. గాసి మావ ముందు నిలబడి, "బేగి పట్టండ్రా, మల్లీ గాలి లేత్తాది" అని పురమాయిస్తుంటే నాకు కళ్లమ్మట నీళ్లొచ్చాయి. అంతా మర్చిపోయారనుకున్నాను. పోయి ఉన్న ఒక్క పుంజునూ కోశాను. పెద్ద గిన్నెలో అన్నం వండాను. పనేమీ తూతూమంత్రంగా చెయ్యలేదు వాళ్లు. కొత్త బద్దలు వంచి పాతారు, కవరు లాగి అంచులు మట్టిలో కప్పెట్టి కాళ్లతో తొక్కారు. నా ఇల్లే అయినా నేను అంత శ్రద్ధగా చేసుకోను.

ఆకులు పరుస్తూ చూశాను. ఒక్కొక్కరి నడుముకీ సొరబుర్రో, ప్లాస్టిక్ సీసానో వేలాడుతోంది. నీళ్లు. ఎవరి నీళ్లు వాళ్లు తెచ్చుకున్నారు.

"లెగండి మావా, అన్నాలు తిందురుగాని" అన్నాను.

గాసి మావ చేతుల మట్టి దులుపుకున్నాడు. "పనైపోనాదమ్మా. ఎల్తాం."

"ఏటి మావా, తినకుండా ఎల్తారేటి?"

"అంబలి తాగీసే ఒచ్చినాం. కడుపు నిండుగుంది."

"కల్లన్నా తాగండి."

"ఇంకోపాలి సూద్దారి."

ఎంత నెమ్మదిగా అన్నాడో. కోపంగా అని ఉంటే కాళ్లు పట్టుకునేదాన్ని. వాళ్లు పనసచెట్టు కింద కాసేపు కూర్చుని బుర్రల మూతలు తీశారు. గెడ్డ అడుగంటిపోయి ఎర్రమట్టి రంగుకి తిరిగిన నీళ్లు. ధర్మ మా గొయ్యి నీళ్లు తేర్చి వడగట్టిన బిందె, గ్లాసు పట్టుకుని వాళ్ల మధ్య నిలబడ్డాడు. ఒక్క చెయ్యి చాపలేదు ఎవరూ. కాసేపటికి అతను బిందె కింద పెట్టి గాసి మావ పక్కన గొంతుక్కూర్చున్నాడు. చెయ్యి చాపాడు. గాసి మావ తన బుర్ర ఇచ్చాడు. ధర్మ తలెత్తి ఆ ఎర్రనీళ్లు గుటగుటా తాగాడు, చివరి చుక్క దాకా. నేను ఇరవై నాలుగు ఆకుల ముందు గరిటె పట్టుకుని నిలబడి చూశాను.

తింటే రేపు మేం పిలిచినప్పుడు మీరు రావాలి. తినలేదంటే ఇక మిమ్మల్ని పిలవం. మా ఊళ్లో ఈ మాట పసిపిల్లలకి కూడా తెలుసు.

పంట మాత్రం విరగ్గాసింది. మోహన్‌కృష్ణ నన్ను కవరిల్లు ముందు నిలబెట్టి రెండు చేతుల్లో కాయలు పెట్టి ఫోటో తీశాడు. "నవ్వండమ్మా. ఈ ఫోటో అన్ని ఊళ్లలో చూపిస్తాను. నీళ్లు లెక్కగా వాడితే ఎలా ఉంటుందో తెలియాలి కదా" అన్నాడు. పాపం, అతనికేం తెలుసు. నేను నవ్వాను కూడా. ఇప్పటికీ ఏదో ఊళ్లో ఎవరో నా నవ్వు చూసి గొయ్యి తవ్వుకుంటూనే ఉంటారు.

ఆఖరి కోత హోటలు బండి ఎక్కించిన మర్నాడు ధర్మ సంచి సర్దుకున్నాడు.

"సెరువులకెల్తన్నాను" అన్నాడు.

"పంటొచ్చింది కదా. మల్లీ ఎందుకు?"

"పంటొచ్చింది." సంచి మూతికి ముడి వేశాడు, విప్పాడు, మళ్లీ వేశాడు. "ఈ ఊళ్లో నానింక ఎవుల్నీ పిలవలేను రమణీ. నన్నెవులూ పిలవరు. ఆడైతే నానెవుల్నో ఎవులికీ తెల్దు."

"తప్పు నాది. తిట్టు నన్ను. పోనీ కొట్టు."

"నువ్వు నా కోసవే సేసినావు" అన్నాడు. "ఎలా తిట్టనే?"

వెళ్తూ వెళ్తూ అచ్చియమ్మత్త గుమ్మంలో కూర్చుని చాలాసేపు ఆవిడ కాలు పట్టాడు. ఆవిడేమందో, అతనేమన్నాడో నాకు తెలియదు. నేను ఇంట్లోనుంచే చూశాను. అంత దూరం వెళ్లడానికి ముఖం చెల్లలేదు.

జ్యేష్ఠం వచ్చింది. వానలు పడేలోగా తార్పాలుకి మాట్లు వెయ్యాలి, అడుగున రెండు చోట్ల పిగిలింది. మాట్లు వెయ్యాలంటే గొయ్యి ఖాళీ చెయ్యాలి. కర్ర చూశాను. తొమ్మిది గీతలు మిగిలాయి. తాళం తీసినా ఎవరూ ముట్టని నీళ్లు, నేను లెక్కపెట్టి దాచిన నీళ్లు. బిందెతో తోడి వీధిలోకి పారబొయ్యడం మొదలెట్టాను. ఎండిన మట్టి కాసేపు పీల్చుకుంది, తరవాత పారింది. గడపలు దాటుకుంటూ దిగువకి పోతోంది. అత్త ఇంట్లోకి పోతుందేమోనని పార పట్టుకుని వెళ్లి ఆవిడ గుమ్మం ముందు చిన్న కాలువ తీశాను.

"ఏ నీల్లే గుంటా ఇవి?" అంది గుమ్మంలో కూర్చున్న అత్త.

"గొయ్యిలో పాతనీల్లత్తా. తార్పాలుకి మాటెయ్యాలి. పారబోత్తన్నాను."

ఆవిడ కదిలే కాలు ముందుకి చాపి పాదం ఆ పారే నీళ్లలో పెట్టింది. కాసేపు అలాగే ఉంచింది.

"సల్లగున్నాయి" అంది. "ఏపాటివి మిగిలినాయే? ఎన్ని బిందెలుంటాయి?"

రెండు వందల డెబ్బై.

"లెక్కెట్టలేదత్తా" అన్నాను.

"సర్లే గుంటా" అంది.

నేను పార అక్కడే వదిలేసి వెనక్కెళ్లి మళ్లీ బిందె ముంచాను.